విశ్రాంతి దినం మన ఒక్కరికేనా?



2025 జూలై 5న తెలంగాణ ప్రభుత్వ కార్మిక శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. దుకాణాలు మినహా మిగతా వాణిజ్య సంస్థలు తమ ఉద్యోగులతో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చని అందులో ఉంది. వారం మొత్తంలో 48 గంటలు దాటితే ఓవర్‌టైం చెల్లించాలి. ఆ ఓవర్‌టైం మూడు నెలల్లో 144 గంటలు మించకూడదు. ఆరు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాలి. అంతకు కొన్ని వారాల ముందే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కూడా రోజువారీ పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఆమోదం తెలిపింది. వ్యాపారం చేయడం సులభం కావాలి, పెట్టుబడులు రావాలి అన్నదే ఇందుకు చెప్పిన కారణం.

హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ ప్రాంతాల్లో ఉద్యోగం చేసే మన సంఘ సభ్యులకు పది గంటలు కొత్త కాదు. అమెరికాలో తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రం అవుతుంది. మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళినవారు అర్ధరాత్రి దాకా కాల్‌లోనే ఉంటారు. ఆరాధన మధ్యలో ఫోన్ మోగి, లాప్‌టాప్ సంచి పట్టుకొని బయటకు వెళ్ళే తమ్ముణ్ణో చెల్లెలినో చూడని సంఘం ఆ ప్రాంతంలో ఉండదేమో. అందుకే ఆ ఉత్తర్వు వచ్చినప్పుడు మనలో చాలామంది దాన్ని చదివి, నిట్టూర్చి, ఊరుకున్నారు. పని గంటల లెక్క ప్రభుత్వానిది, కంపెనీలది, అందులో సంఘానికేం పని అన్నవారూ ఉన్నారు.

కానీ పని గంటల గురించి మన విశ్వాసం ఎరిగిన మొదటి చట్టం సీనాయి కొండ దగ్గర వచ్చింది. దాన్ని ఇచ్చినవాడు దేవుడు. కాబట్టి ఇది సంఘం మాట్లాడవలసిన విషయమే. ఆ ఆజ్ఞను సగం మాత్రమే చదివే అలవాటు మనకుందని, మిగతా సగం సైబరాబాద్‌లోని విశ్వాసుల్ని నేరుగా ప్రశ్నిస్తుందని మా నమ్మకం.

ఆజ్ఞలోని ఏడుగురు

నిర్గమకాండము 20వ అధ్యాయం 10వ వచనం తెరిచి చూడండి. ఏడవ దినాన పని చేయకూడనివారి జాబితా అక్కడ ఉంది. మొదట నీవు. తర్వాత నీ కుమారుడు, కుమార్తె. ఆ తర్వాత నీ దాసుడు, దాసి. నీ పశువులు. చివరగా నీ ఊళ్ళో ఉంటున్న పరదేశి. లెక్కపెడితే ఏడు పేర్లు. అందులో మొదటి పేరు మాత్రమే మనది. మిగిలిన ఆరుగురి విశ్రాంతి మన చేతిలో ఉంది.

ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో మోషే అదే ఆజ్ఞను మళ్ళీ చెబుతూ మరో కారణం చేర్చాడు. నీకు విశ్రాంతి దొరికినట్టే నీ దాసునికీ దాసికీ దొరకాలి, ఎందుకంటే నీవూ ఒకప్పుడు ఐగుప్తులో దాసుడివే, నిన్ను విడిపించినవాడు యెహోవా. నిర్గమకాండములో కారణం సృష్టి, ఇక్కడ కారణం విడుదల. విడుదల పొందినవాడు ఇంకొకరికి ఫరో కాకూడదు.

ఫరో ఏం చేశాడో నిర్గమకాండము 5వ అధ్యాయంలో ఉంది. ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించడానికి సెలవు అడిగారు. వాళ్ళు సోమరులని అతడు తేల్చాడు. అప్పటిదాకా ఇస్తున్న గడ్డి ఆపేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. పదిమంది చేసే పనిని ఆరుగురికి అప్పగించి, డెలివరీ తేదీ మాత్రం జరపని ప్రాజెక్టులో ఉన్నవారికి ఈ అధ్యాయం వివరించి చెప్పనక్కర్లేదు.

మన నగరం, మన కృతజ్ఞత

ఇలా అంటున్నామని ఐటీ రంగాన్ని నిందిస్తున్నామని అనుకోవద్దు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవి ఎక్కువగా రాళ్ళగుట్టలే. ఈ రెండున్నర దశాబ్దాల్లో ఆ గుట్టల మధ్య లేచిన భవనాలు ఎన్నో క్రైస్తవ కుటుంబాల స్థితిని మార్చాయి. ఊరి చివరి పేటలో, రేకుల మందిరంలో సండేస్కూల్ పాటలు నేర్చుకున్న పిల్లలు ఈ రోజు ఆ అద్దాల భవనాల్లో కూర్చున్నారు. వాళ్ళ జీతంతో తమ్ముళ్ళు చదివారు, చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి, ఊళ్ళో మందిరానికి స్లాబు పడింది. దీనికి దేవుణ్ణి స్తుతిస్తున్నాం.

అయితే మేలు పొందినచోటే శోధన కూడా ఉంటుంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణ మూర్తి యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తారు, ఆదివారాలు పని చేయించలేకపోతున్నందుకు విచారం కూడా వెలిబుచ్చారు. దేశమంతా ఆ మాటలపై వాదించుకుంది. వాళ్ళ మాటల్లో నిజాయితీ లేదని మేము అనడం లేదు. కష్టపడి పైకి వచ్చినవారు కష్టాన్ని గొప్పగా చెప్పడం సహజం. కానీ మనిషి ఎందుకున్నాడు అన్న ప్రశ్నకు పని ఒక్కటే జవాబు అనుకుంటే, ఆ జవాబు బైబిలుది కాదు. ఆదికాండములో మనిషి ఆరవ దినాన సృష్టించబడ్డాడు. అతని మొదటి పూర్తి దినం దేవునితో గడిపిన విశ్రాంతి దినం. పని ఆ తర్వాత వచ్చింది.

ఆదివారం సెలవు ఎవరిచ్చారు?

విశ్వాసులు పని గంటల గురించి మాట్లాడటం కొత్త పోకడ అనుకునేవారు చరిత్ర చూడాలి. ఇంగ్లాండులో 1847లో ‘పది గంటల చట్టం’ వచ్చింది. కర్మాగారాల్లో స్త్రీలు, 18 ఏళ్ళ లోపువారు రోజుకు 10 గంటలకు మించి పని చేయకూడదన్నది దాని నియమం. దానికోసం 1833 నుంచి పార్లమెంటులో పోరాడినవారిలో ముఖ్యుడు యాష్లీ ప్రభువు. తర్వాతి కాలంలో ఆయన్ను షాఫ్ట్స్‌బరీ ప్రభువు అన్నారు. ఆయన ఇవాంజెలికల్ విశ్వాసి. ప్రభువు రాకడ కోసం ఎదురుచూస్తూనే మిల్లుల్లో నలిగిపోతున్న పిల్లల కోసం చట్టాలు రాయించాడు. ఆ రెండింటికీ ఆయన వైరుధ్యం చూడలేదు. ఆనాడు విశ్వాసులు పైనుంచి పదికి దించడానికి పోరాడారు. ఈనాడు మన రెండు రాష్ట్రాల్లో కింది నుంచి పదికి పెంచుతున్నారు. ఈ తేడా మనల్ని ఆలోచింపజేయాలి.

మన దేశం సంగతి చూద్దాం. ఆదివారం సెలవు తెల్లదొరలు మందిరానికి వెళ్ళడం కోసం పెట్టుకున్నదని చాలామంది అనుకుంటారు. బొంబాయి మిల్లు కార్మికులకు అది దొరకలేదు. మహాత్మా జోతిరావ్ ఫూలే సత్యశోధక్ సమాజంలో పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, సభలు జరిపి, 1890లో మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు సాధించాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఎనిమిది గంటల పనిదినం కోసం కృషి చేశారు. ఈ ఇద్దరూ క్రైస్తవులు కారు. మనం ఆదివారం నిశ్చింతగా మందిరానికి వెళ్ళడం వెనుక వాళ్ళ శ్రమ ఉంది. కృతజ్ఞతతో ఒప్పుకుందాం.

మన తెలుగు నేలమీదే మరో సాక్ష్యం ఉంది. 1876 నుంచి 1878 వరకు వచ్చిన ఘోర కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన యౌవనంలో సర్వే పని నేర్చినవాడు. ఆకలితో ఉన్న మాదిగ కూలీలు మిగతాచోట్ల పనికి వెళ్తే మేస్త్రీల తిట్లు, దెబ్బలు తప్పేవి కావు. క్లౌ తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. కూలి సక్రమంగా అందింది. విరామంలో కూలీలు కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని క్రీస్తును గురించి చెప్పారు. కరువు సహాయం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని ముందు కూలీకి దొరికిన మర్యాదను, విరామాన్ని కూడా చెప్పుకోవాలి. సువార్త అక్కడ కూలీ విరామ సమయంలో వినబడింది.

మన గుమ్మం ముందు నిలబడినవారు

ఇప్పుడు మళ్ళీ మాదాపూర్‌కు వద్దాం. ఐటీ ఉద్యోగికి శని, ఆదివారాలు సెలవు. నాలుగో ఆజ్ఞలోని మొదటి పేరుకు, అంటే ‘నీకు’, విశ్రాంతి దొరికింది. మిగిలిన ఆరుగురి మాటేమిటి?

తెల్లవారుజామున ఇంటికి దింపే క్యాబ్ డ్రైవర్, గేటు దగ్గర 12 గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ అన్న, ఆఫీసులో బల్లలు తుడిచే హౌస్ కీపింగ్ అక్క, మన వంటింట్లో గిన్నెలు తోమే అమ్మ, ఆరాధన అయ్యాక మనం ఆర్డర్ పెట్టిన బిర్యానీని ఎండలో తెచ్చే అబ్బాయి. వీరిలో చాలామంది మహబూబ్‌నగర్ నుంచో శ్రీకాకుళం నుంచో, ఒడిశా, బిహార్, అస్సాం నుంచో వచ్చినవారు. ఆజ్ఞలోని పరదేశి అంటే ఈ రోజు ఎవరని అడిగితే వీరినే చూపించాలి. వారిలో మన విశ్వాసులూ ఉన్నారు. ఆదివారం సెలవు లేక మందిరం ముందు నుంచే బండి మీద వెళ్ళిపోయే సహోదరులున్నారు.

2025 డిసెంబరు 25న, మనం క్రిస్మస్ ఆరాధనలో ఉన్న రోజున, డెలివరీ కార్మికులు సమ్మెకు పిలుపునిచ్చారు. మళ్ళీ 31న పిలుపునిచ్చారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఆ పిలుపులో ముందుంది. న్యాయమైన చెల్లింపు, సామాజిక భద్రత, పది నిమిషాల్లో సరుకు చేర్చాలన్న ఒత్తిడి పోవడం వారి కోరికలు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి జోక్యం తర్వాత బ్లింకిట్ తన పది నిమిషాల ప్రకటనను తీసివేసింది. అంతకుముందు 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ కార్మికుల కోసం చట్టం ముసాయిదాను ప్రజల ముందుంచింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుల్ని గుర్తించి, వారి సంక్షేమానికి ఆ సంస్థలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఇవ్వాలంటోంది. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020–21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలు. 2029–30కి ఆ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని దాని అంచనా.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమాని కథ మనకు తెలుసు. సాయంత్రం దాకా పని దొరక్క సంత వీధిలో నిలబడ్డవారు మన లేబర్ అడ్డాల మీద, మాల్స్ బయట ఫోన్ చేతపట్టి ఆర్డర్ కోసం ఎదురుచూసేవారిలాంటివారే. ఆ యజమాని గంటల్ని కొలిచి కూలి ఇవ్వలేదు. ఆ మనిషి ఇంట్లో పొయ్యి వెలగడానికి ఎంత కావాలో అంత ఇచ్చాడు. ప్రభువు పరలోకరాజ్యాన్ని అలా వర్ణించాడు. ఆ రాజ్య పౌరులమని చెప్పుకునే మనం రెండు నిమిషాలు ఆలస్యమైందని ఒక్క నక్షత్రం రేటింగ్ ఇస్తే, ఆ రాజ్యం గురించి ఆ అబ్బాయికి ఏం చెప్పినట్టు? పనివారు, డెలివరీకి వచ్చినవారు ప్రధాన లిఫ్టు ఎక్కకూడదని అపార్ట్‌మెంటులో నోటీసు పెడితే, అక్కడి క్రైస్తవ కుటుంబం నోరు మెదపకపోతే, అంటరానితనం వద్దని పారిపోయి వచ్చిన మన తాతలకు ఏం జవాబు చెబుతాం?

మూడు అభ్యంతరాలు

ఈ మాటలకు మన సహోదరులే కొన్ని అభ్యంతరాలు చెబుతారు. అవి తేలిగ్గా కొట్టిపారేయదగ్గవి కావు.

మొదటిది: పని మనస్ఫూర్తిగా, ప్రభువు కోసమే అన్నట్టు చేయమని పౌలు కొలొస్సయులకు రాయలేదా? రాశాడు. సోమరితనాన్ని బైబిలు ఎక్కడా మెచ్చుకోలేదు. కానీ పౌలు ఆ వెంటనే యజమానులకు కూడా రాశాడు, దాసులకు న్యాయంగా, సమానంగా ఇవ్వమని, వారికీ పరలోకంలో ఒక యజమాని ఉన్నాడని. మొదటి మాటను ఉద్యోగులకు బోధించి, రెండో మాటను మేనేజర్లకు బోధించకపోతే అది సగం బోధ. మన సంఘాల్లో టీమ్ లీడ్లు, డైరెక్టర్లు కూర్చుంటున్నారు. వాళ్ళకూ వాక్యం కావాలి.

రెండోది: ఇలా మాట్లాడితే ఉద్యోగాలు వేరే నగరాలకు, వేరే దేశాలకు వెళ్ళిపోవా? భయం నిజమైనదే. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగుల్ని తగ్గిస్తానని ప్రకటించింది. కృత్రిమ మేధ ఎవరి కుర్చీ కిందికి ఎప్పుడు నీళ్ళు తెస్తుందో అన్న దిగులు ప్రతి ఇంట్లో ఉంది. అందుకే పోటీని పట్టించుకోవద్దని మేము అనడం లేదు. అయితే ఎడారిలో మన్నా కురిసినప్పుడు కూడా ఇశ్రాయేలుకు ఇదే భయం ఉండేది. రేపు దొరకదేమోనని దాచుకున్నది పురుగుపట్టింది. ఆరవ దినాన రెండింతలు ఏరుకొని ఏడవ దినాన ఆగినవారు ఆకలితో చావలేదు. విశ్రాంతి తీసుకోవడం, ఇతరులకు విశ్రాంతి ఇవ్వడం దేవుడు పోషిస్తాడన్న నమ్మకానికి చేసే ప్రకటన.

మూడోది: పరిసయ్యుల్లా మళ్ళీ నియమాలు పెడుతున్నారా? లేదు. ప్రభువు విశ్రాంతి దినాన స్వస్థపరచాడు, ఆకలైన శిష్యులు వెన్నులు తుంచితే సమర్థించాడు. ఆసుపత్రిలో నర్సు, రోడ్డు మీద పోలీసు, సర్వర్లు ఆగిపోకుండా చూసే ఇంజనీరు ఆదివారం పని చేయవలసిందే. వారిని తప్పుబట్టేవారు ప్రభువును ఎరగరు. ఏ రోజు అన్నదానికన్నా, వారికంటూ ఒక రోజు ఉందా అన్నది మా ప్రశ్న. విశ్రాంతి దినం మనిషి కోసమే నియమించబడిందన్న ప్రభువు మాటలో సెక్యూరిటీ అన్న కూడా మనిషే.

రేటింగ్ కింద ఉన్నవారికి కృప

వీటన్నిటికీ అడుగున సువార్త ఉంది. మనం క్రియల వలన రక్షింపబడలేదు, కృపచేత రక్షింపబడ్డాం. ప్రతి ఆదివారం ఇదే పాడుతాం. సోమవారం నుంచి మాత్రం అప్రైజల్, రేటింగ్, బెంచ్, ప్యాకేజీ మన విలువను తేలుస్తాయని బతుకుతాం. ఉద్యోగం పోయిన సహోదరుడు సంఘానికి రావడం మానేస్తున్నాడంటే, తన విలువ కూడా పోయిందని అతను నమ్ముతున్నాడన్నమాట. ఆ నమ్మకాన్ని మనమే కలిగించి ఉండవచ్చు. ప్రమోషన్ వచ్చినవారికి స్టేజీ మీద సాక్ష్యం, ఉద్యోగం పోయినవారికి వెనుక వరుసలో రహస్య ప్రార్థన. ఇది మారాలి.

సంఘాలు ఈ నెలలోనే మొదలుపెట్టగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి కుటుంబం ఆజ్ఞలోని ఏడు పేర్లను కాగితం మీద రాసుకొని, తమకు సేవ చేసే ఒక్కొక్కరికి వారంలో సెలవు ఏ రోజో అడగాలి. ఇంట్లో పనిచేసే అక్కకు జీతం కోయకుండా వారానికి ఒక రోజు ఇవ్వాలి. మేనేజర్లు తమ టీమ్‌కు సెలవు రోజున మెసేజ్ పెట్టకుండా నిగ్రహించుకోవాలి, రంజాన్, దసరా నాడు సహోద్యోగి సెలవును కూడా తమ క్రిస్మస్ సెలవులాగే కాపాడాలి. రాత్రి షిఫ్టువారికి, బండి మీద తిరిగేవారికి వీలైన వేళలో ఒక చిన్న ఆరాధన పెట్టాలి. మందిరం గేటు పగటిపూట తెరిచి, డెలివరీకి తిరిగేవారికి చల్లని నీళ్ళు, కాస్త నీడ, మరుగుదొడ్డి అందుబాటులో ఉంచాలి. గిగ్ కార్మికుల చట్టం గురించి మన శాసనసభ్యులను మర్యాదగా అడగాలి.

ముందుగా మన ఆవరణలోనే చూసుకోవాలి. మందిరం వాచ్‌మన్‌కు వారాంతపు సెలవు ఉందా? ఊడ్చే అమ్మకు కనీస వేతనం అందుతోందా? కాపరికి, ఆయన కుటుంబానికి వారంలో ఒక్క రోజైనా ఫోన్ మోగని పూట ఉందా? కోతకోసినవారి కూలి బిగబట్టిన యజమానుల మీద యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాసిన మాటలు సంఘాలకు వర్తించవని ఎక్కడా లేదు.

ప్రియులారా, ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఉన్న మనిషి పేరు అడగండి. ఆయనకు సెలవు ఎప్పుడో అడగండి. సెలవు లేదంటే, దాన్ని గురించి ఏం చేయగలరో కమిటీతో మాట్లాడండి. దాసత్వం నుంచి మనల్ని విడిపించిన ప్రభువు, మన ద్వారా మరొకరికి విశ్రాంతి ఇచ్చే మనసును మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.